వారానికో మాత్ర, దానికి ముందు ఒక స్కానింగ్: నెలసరికీ రొమ్ము నొప్పికీ ఆర్మెలాక్సిఫీన్ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ తప్పుతుంది

క్లుప్తంగా: ఆర్మెలాక్సిఫీన్ హార్మోన్ కాదు. ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ చేసే పనిని కొన్ని అవయవాల్లో అడ్డుకునే మందు. నెలసరిలో అధిక రక్తస్రావానికి 60 మి.గ్రా. మోతాదులో, నెలసరికి ముందు వచ్చే రొమ్ము నొప్పికి 30 మి.గ్రా. మోతాదులో వైద్యులు రాస్తున్నారు. గర్భనిరోధకంగా వచ్చిన సహేలి, ఛాయ మాత్రల్లో ఉన్నదీ ఇదే. ఇది విఫలమైనప్పుడు తప్పు చాలాసార్లు మందులో ఉండదు. రక్తస్రావానికి కారణం తేలకుండా మొదలుపెట్టడం, మోతాదు రోజులు తప్పడం, భయపడి మధ్యలో ఆపేయడం, ఈ మూడింట్లో ఒకటి ఉంటుంది.

కౌంటర్ దగ్గర మొదలయ్యే గందరగోళం

విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లో వరసగా ఉన్న మందుల షాపుల్లో ఏ రోజైనా కనిపించే సన్నివేశం ఇది. నలభై దాటిన ఒకావిడ చీటీ ఇస్తుంది. ఓవర్ బ్లీడింగ్ అని డాక్టరుకు చూపించుకుని వచ్చింది. షాపతను స్ట్రిప్పు తీసి, అట్టమీద పెన్నుతో ‘2’ అని రాసి ఇస్తాడు. అది వారానికి రెండా, రోజుకు రెండా అన్నది ఆ అంకె చెప్పదు. ఇంటికి వెళ్లాక చదువుకునే కూతురు ఫోన్లో పేరు కొట్టి చూస్తే ‘గర్భనిరోధక మాత్ర’ అని వస్తుంది. ‘నాకు పిల్లల ఆపరేషన్ అయిపోయి పదిహేనేళ్లయింది, ఇదెందుకు రాశారు?’ అని అనుమానం. మాత్ర డబ్బాలోనే ఉండిపోతుంది, లేదా రోజుకు రెండు చొప్పున మింగడం మొదలవుతుంది. రెండూ ప్రమాదమే.

ఈ అనుమానానికి ఆంధ్రలో మరీ బలం ఎక్కువ. ఇక్కడ పెళ్లయిన స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే అధికం. గర్భనిరోధక మాత్ర అలవాటు చాలా ఇళ్లలో అసలు లేదు. అందువల్ల అదే రసాయనం వేరే జబ్బుకు వచ్చినప్పుడు పొరపాటు చీటీలా కనబడుతుంది. పొరపాటు కాదు. గర్భసంచి లోపలి పొర మీద పనిచేసే మందు గర్భాన్నీ ఆపగలదు, ఆ పొర నుంచి వచ్చే రక్తాన్నీ తగ్గించగలదు. పని ఒకటే, అవసరాలు రెండు.

లక్నోలో పుట్టిన మందు, దాని బంధువర్గం

దీన్ని లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసింది. పాత పేరు సెంట్‌క్రోమాన్. 1991లో సహేలి పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఛాయ పేరుతో ఉచితంగా ఇస్తున్నారు. పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఏఎన్ఎం దగ్గర, ఆశా కార్యకర్తల సంచుల్లో ఉండేది ఈ ఛాయే. ప్రధానంగా మన దేశంలోనే వాడుకలో ఉన్న మందు కావడంతో ఇంగ్లండు, అమెరికా వెబ్‌సైట్లలో వెతికేవారికి దీని గురించి పెద్దగా ఏమీ దొరకదు. దొరకలేదు కాబట్టి ‘అక్కడ నిషేధించారు’ అనుకోవడం సరికాదు.

ఈ మందు కుటుంబంలోనివన్నీ కణాల్లో ఈస్ట్రోజన్ అతుక్కునే చోటు, అంటే రిసెప్టర్ మీదే పనిచేస్తాయి, కానీ ఒక్కొక్కటి ఒక్కో అవయవంలో ఒక్కోలా ప్రవర్తిస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్, పిల్లలు లేనివారికి అండం విడుదల కోసం ఇచ్చే క్లోమిఫీన్, ఎముకల బలహీనతకు ఇచ్చే రాలాక్సిఫీన్ దీని దాయాదులే. టామాక్సిఫెన్‌ను 1960లలో మొదట గర్భనిరోధకంగానే పరీక్షించారు. మనుషుల్లో అది అండం విడుదలను ఆపకపోగా ప్రేరేపించడంతో ఆ ఆలోచన వదిలేశారు. తర్వాత రొమ్ము క్యాన్సర్ చికిత్సలో నిలబడింది. ఆర్మెలాక్సిఫీన్ గర్భనిరోధకంగా నిలబడింది, ఆ తర్వాత నెలసరి, రొమ్ము సమస్యలకు మళ్లింది.

సీటు మీద కండువా

ఈస్ట్రోజన్ రక్తంలో తిరుగుతూ గర్భసంచిలో, రొమ్ములో, ఎముకలో ఉన్న కణాల్లోకి వెళ్లి రిసెప్టర్‌కు అతుక్కుంటుంది. అతుక్కున్నాకే ‘పెరుగు’ అనే ఆదేశం వెళుతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కండువా వేసి సీటు ఆపినట్టు, ఆర్మెలాక్సిఫీన్ ముందుగా వెళ్లి ఆ చోటును పట్టుకుంటుంది. ఈస్ట్రోజన్ వచ్చినా కూర్చోవడానికి చోటుండదు. గర్భసంచి లోపలి పొర మందంగా పెరగదు. పెరగని పొర రాలినప్పుడు పోయే రక్తమూ తక్కువే. రొమ్ములో నెలసరికి ముందు పాలగ్రంథుల చుట్టూ వచ్చే వాపు, బిగువు కూడా అదే దారిలో తగ్గుతాయి.

ఎముకలో మాత్రం కథ వేరు. అక్కడ ఈ మందు ఈస్ట్రోజన్‌ను అడ్డుకోదు, కొంతవరకు దానిలాగే ప్రవర్తిస్తుంది. అందుకే ఈస్ట్రోజన్ తయారీనే అణచివేసే మందులతో ఉండే ఎముక నష్టం భయం దీనితో లేదు. టామాక్సిఫెన్‌తో ముఖ్యమైన తేడా గర్భసంచి దగ్గరే ఉంది. టామాక్సిఫెన్ అక్కడ ఈస్ట్రోజన్‌లా పనిచేసి పొరను మందం చేయగలదు, ఆ పొర మీద వేలాడే చిన్న కండలకు, అంటే పాలిప్‌లకు దారితీయగలదు. ముట్లు ఆగిన స్త్రీలలో గర్భసంచి క్యాన్సర్ ముప్పును కొంత పెంచుతుంది కూడా. ఒకే కుటుంబం కదా అని ఒకదాని బదులు ఇంకొకటి మింగకూడదనేది ఇందుకే.

ఇంకో లక్షణం ఈ మందు వాడకాన్నంతా నిర్ణయిస్తుంది. మింగిన మాత్రలో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు ఏడు రోజులు పడుతుంది. పారాసిటమాల్‌కు ఇది రెండు మూడు గంటలు. కాబట్టి రోజూ మింగాల్సిన అవసరం లేదు, వారానికి రెండు లేదా ఒకటి చాలు. అదే కారణంగా మందు ఒంట్లో నిలకడైన స్థాయికి చేరడానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఈ రాత్రి రక్తం ధారగా పోతుంటే ఇది ఆపలేదు. ఆపేసినా దాని ప్రభావం వారాలపాటు ఉంటుంది. ‘నిన్న మానేశాను, ఇవాళ కూడా ముట్టు రాలేదు’ అని కంగారుపడేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

అధిక రక్తస్రావం అంటే ఎంత?

పుస్తకాల ప్రకారం ఒక నెలసరిలో 80 మి.లీ. దాటితే అధికం. ఎవరూ కొలిచి చూడరు. అందుకే ప్యాడ్‌లను లెక్కపెట్టి మార్కులు వేసే పద్ధతి వచ్చింది. కొద్దిగా తడిసిన ప్యాడ్‌కు 1, సగం వరకు తడిస్తే 5, పూర్తిగా నానితే 20. చిన్న గడ్డకు 1, పెద్ద గడ్డకు 5. మొత్తం 100 దాటితే రక్తం 80 మి.లీ. పైనే పోతోందని అంచనా.

ఒక ఉదాహరణ. మొదటి రోజు సగం తడిసిన ప్యాడ్లు మూడు: 15. రెండో రోజు పూర్తిగా నానినవి నాలుగు, పెద్ద గడ్డలు రెండు: 90. మూడో రోజు నానినవి రెండు, సగం తడిసినవి రెండు: 50. నాలుగో రోజు కొద్దిగా తడిసినవి మూడు, అయిదో రోజు రెండు: 5. మొత్తం 160. ఇది చికిత్స అవసరమైన అంకె. ఇదే లెక్క మందు మొదలుపెట్టిన మూడో నెలలో మళ్లీ వేస్తే ఫలితం కళ్లెదుట ఉంటుంది. ‘కొంచెం తగ్గినట్టుంది’ అనే మాట కంటే 160 నుంచి 60కి వచ్చిందన్న మాట డాక్టరుకు ఎంతో పనికొస్తుంది. బట్ట వాడేవారికి ఈ మార్కులు సరిపోవు. వారు ఎన్నిసార్లు మార్చారు, రాత్రి నిద్రలో లేవాల్సి వచ్చిందా, చీరకు మరకలయ్యాయా అన్నవి రాసుకోవాలి.

మాత్ర కంటే ముందు కారణం

అసహజ రక్తస్రావానికి కారణాలను ప్రపంచవ్యాప్తంగా గైనకాలజిస్టులు 2011 నుంచి తొమ్మిది అరలుగా చూస్తున్నారు. నాలుగు కంటికి, స్కానింగ్‌కు, బయాప్సీకి దొరికేవి: పాలిప్, గర్భసంచి గోడలోకి పొర చొచ్చుకుపోవడం, ఫైబ్రాయిడ్ (గర్భసంచి కండరంలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డ), క్యాన్సర్ లేదా దాని ముందు దశ. మిగిలినవి రక్తం గడ్డకట్టడంలో లోపం, అండం విడుదలలో తేడా, పొరలోనే ఉన్న సమస్య, మందుల వల్ల లేదా కాపర్-టి వల్ల వచ్చేది, ఇంకా తేలనివి. ఆర్మెలాక్సిఫీన్ బాగా పనిచేసేది అండం విడుదల తేడాల్లో, పొర సమస్యల్లో. లోపల పాలిప్ వేలాడుతుంటే మాత్రతో రాలిపోదు. గర్భసంచి కుహరంలోకి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్ ఉంటే రక్తం కొంత తగ్గినా సమస్య అక్కడే ఉంటుంది. క్యాన్సర్ ముందు దశ ఉంటే, ఇంకా దారుణం, రక్తం తగ్గిన ఆ ఆరు నెలలు జబ్బుకు దొరికిన గడువు అవుతుంది.

కాబట్టి చీటీ కంటే ముందు ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. గర్భం ఉందో లేదో తేల్చే మూత్ర పరీక్ష, ఆపరేషన్ అయినవారికి కూడా. హిమోగ్లోబిన్‌తో పాటు ప్లేట్‌లెట్లు చూపే రక్త పరీక్ష. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ఎందుకంటే థైరాయిడ్ మందగిస్తే ముట్టు ఎక్కువవుతుంది, అక్కడ థైరాయిడ్ మాత్రే చికిత్స. గర్భసంచి స్కానింగ్. 40 దాటినవారికి, లేదా వయసు తక్కువైనా ఊబకాయం, షుగరు, ఏళ్ల తరబడి క్రమం తప్పిన ముట్లు ఉన్నవారికి, లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా అది నెలసరి కాదు, దానికి ఈ మాత్ర మొదటి సమాధానం కాకూడదు. పెద్దమనిషైన కొత్తలోనే ప్యాడ్లు నానిపోయేంత రక్తం పోతున్న ఆడపిల్లల్లో రక్తం గడ్డకట్టే లోపం ఉందేమో చూడాలి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, చిన్న దెబ్బకే కమిలిపోవడం దానికి సూచనలు.

విశాఖకు ప్రత్యేకమైన మాట ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. పాడేరు, అరకు వైపు నుంచి వంద కిలోమీటర్లు బస్సులో వచ్చి కేజీహెచ్‌లోనో, పాతబస్తీ ఘోషా ఆసుపత్రిలోనో చూపించుకునే గిరిజన స్త్రీలలో రక్తహీనతకు కారణం ఎప్పుడూ ముట్టే కాదు. ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బు ఉంది, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు అది. హిమోగ్లోబిన్ 7 చూసి ‘బ్లీడింగ్ ఎక్కువ కదా’ అనుకుని ఆగిపోతే అసలు జబ్బు తప్పిపోతుంది. ఒకసారి ఆ పరీక్ష చేయించడం ఆమెను మళ్లీ వంద కిలోమీటర్లు తిప్పడం కంటే మేలు.

ఐరన్ మాట మరవకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. రక్తం పోవడం తగ్గించే మందు పోయిన రక్తాన్ని తిరిగి ఇవ్వదు. ఐరన్ మాత్ర టీతో కాకుండా, టీకి ఒక గంటైనా ఎడంగా, నిమ్మరసంతోనో ఉసిరితోనో వేసుకోవాలి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మూడు నెలలు కొనసాగించాలి. హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువ ఉంటే ఇంట్లో మాత్రలతో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

24 వారాలు, 36 మాత్రలు

అధిక రక్తస్రావానికి సాధారణంగా ఇచ్చే మోతాదు ఇది: 60 మి.గ్రా. మాత్ర వారానికి రెండు చొప్పున 12 వారాలు, ఆ తర్వాత వారానికి ఒకటి చొప్పున ఇంకో 12 వారాలు. మొదటి భాగంలో 24 మాత్రలు, రెండో భాగంలో 12. గర్భనిరోధకంగా అయితే 30 మి.గ్రా. మాత్ర, వారానికి రెండు చొప్పున మూడు నెలలు, తర్వాత వాడినన్నాళ్లూ వారానికి ఒకటి. మొదటి మాత్ర నెలసరి మొదటి రోజున వేస్తారు.

‘వారానికి రెండు’ అన్నచోటే ఎక్కువ తప్పులు జరుగుతాయి. రెండూ ఒకేరోజు కాదు, వరస రోజులూ కాదు. మధ్యలో ఒకసారి మూడు రోజులు, ఒకసారి నాలుగు రోజులు దూరం ఉండాలి. మొదటి మాత్ర ఆదివారం పడితే జత ఆది, బుధవారాలు. సోమవారమైతే గురువారం జత, మంగళవారమైతే శుక్రవారం, బుధవారమైతే శనివారం, గురువారమైతే ఆదివారం, శుక్రవారమైతే సోమవారం, శనివారమైతే మంగళవారం. వారానికి ఒకటికి మారాక మొదటి మాత్ర వేసిన రోజే (ఆదివారమైతే ఆదివారమే) కొనసాగుతుంది. తేదీలను బట్టి కాకుండా వారాలను బట్టి నడిచే మందు కాబట్టి గోడ క్యాలెండర్‌లో నిలువుగా రెండు వరుసలు పెన్నుతో గీసేస్తే సరిపోతుంది. ‘శుక్రవారం తలస్నానం, మాత్ర’ అని ఇంటి అలవాటుకు ముడిపెట్టుకున్నవారు మరచిపోవడం తక్కువ.

మాత్ర మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. గర్భనిరోధకంగా వాడేవారికి ప్రభుత్వ నియమావళి స్పష్టంగా చెబుతోంది: ఏడు రోజుల లోపు ఆలస్యమైతే మామూలు రోజుల్లోనే కొనసాగిస్తూ తర్వాతి నెలసరి వరకు కండోమ్ వాడాలి. ఏడు రోజులు దాటితే కొత్తగా మొదలుపెట్టినట్టే, మళ్లీ మూడు నెలలు వారానికి రెండు. రక్తస్రావానికి వాడేవారు మరచిన మాత్రకు బదులుగా ఒకేసారి రెండు వేసుకోకూడదు. రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్ర మాలా-ఎన్ వాడిన అనుభవం ఉన్నవారు ఛాయను కూడా రోజూ మింగేసిన సందర్భాలు ఉంటాయి. అలా జరిగితే ఆపి, డాక్టరుకు చెప్పాలి. ఏడు రోజుల లెక్క ప్రకారం ఒంట్లో పేరుకున్నది వెంటనే పోదు.

ముందే చెప్పినట్టు మందు పట్టుకోవడానికి వారాలు పడుతుంది. ఆలోగా రక్తం ఆపడానికి డాక్టర్లు ట్రానెక్సమిక్ యాసిడ్ జోడిస్తారు. సాధారణంగా 500 మి.గ్రా. మాత్రలు రెండేసి, రోజుకు మూడుసార్లు, రక్తం ఎక్కువగా ఉన్న నాలుగైదు రోజులు మాత్రమే. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో ఇంతకుముందు రక్తం గడ్డకట్టినవారికి అది ఇవ్వకూడదు. ఈ జోడింపు ఎందుకో చెప్పకపోతే రోగి మొదటి నెలలోనే ‘ఈ వారానికో మాత్ర పనిచేయట్లేదు’ అని వదిలేస్తుంది.

ముట్టు రాకపోతే

ఈ మందు వల్ల ఎక్కువగా ఎదురయ్యేది నెలసరి ఆలస్యం. 28 రోజులకు రావాల్సింది 40, 45 రోజులకు వస్తుంది. కొందరిలో చికిత్స సాగుతుండగా పూర్తిగా ఆగుతుంది. ‘చెడు రక్తం లోపలే ఉండిపోతోంది’ అనే భయం మన ఇళ్లలో బలంగా ఉంది. లోపల నిల్వ ఉండే రక్తమంటూ ఏమీ లేదు. పొర పెరగలేదు కాబట్టి రాలడానికి ఏమీ లేదు, అంతే. రక్తహీనతతో నీరసించిన ఒంటికి ఆ రెండు నెలల విరామం రక్తం పట్టే సమయం. అయితే గర్భం వచ్చే అవకాశం ఉన్నవారిలో నెలసరి 15 రోజులు దాటి ఆలస్యమైతే గర్భ పరీక్ష తప్పనిసరి. గర్భం ఉంటే మాత్ర ఆపేయాలి. ఇది గర్భం తీసేసే మాత్ర కాదు, ఆ పనికి వాడకూడదు.

కొందరికి తలనొప్పి, వికారం, ఒంట్లో వేడి ఆవిర్లు ఉంటాయి. స్కానింగ్‌లో అండాశయంలో నీటిబుడగలు కనిపించవచ్చు, ఎక్కువగా అవి వాటంతటవే తగ్గుతాయి. కింది పొట్టలో ఒక పక్కే తీవ్రంగా నొప్పి వస్తే మాత్రం చూపించుకోవాలి. మొదటి నుంచే పీసీఓఎస్ (అండం విడుదల సరిగా జరగక ముట్లు క్రమం తప్పే సమస్య) ఉన్నవారికి, ఇటీవల కామెర్లు వచ్చినవారికి, కాలేయ, కిడ్నీ జబ్బులు, క్షయ, గర్భాశయ ముఖద్వారంలో అసహజ పెరుగుదల ఉన్నవారికి ఈ మందు వద్దు. పీసీఓఎస్ మాట ప్రత్యేకంగా చెప్పాలి. క్రమం తప్పిన ముట్లతో వచ్చే పాతికేళ్ల అమ్మాయికి స్కానింగ్ లేకుండా ఇది రాసేస్తే, అసలే ఆలస్యంగా వచ్చే నెలసరి ఇంకా ఆలస్యమవుతుంది.

రొమ్ము నొప్పి: రెండు నెలల చార్టు

నెలసరికి వారం, పది రోజుల ముందు రెండు రొమ్ముల్లో బరువు, బిగువు, చంకల వైపు లాగే నొప్పి మొదలై, ముట్టు రాగానే తగ్గితే అది నెలసరితో ముడిపడిన నొప్పి. చాలామందికి ఇది జబ్బు కాదు. పరీక్షించి ‘క్యాన్సర్ లేదు’ అని చెప్పడం, సరైన కొలత బ్రా, నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ జెల్, ఇంతటితోనే ఎక్కువమందికి ఊరట దొరుకుతుంది. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె గొట్టాలు నెలల తరబడి రాసే అలవాటు ఇంకా పోలేదు గానీ, పోలిక అధ్యయనాల్లో అవి ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగ్గా నిలబడలేదు.

మాత్ర మాట వచ్చేది నొప్పి పనికి, నిద్రకు అడ్డుపడేంతగా ఉన్నప్పుడే. దానికి ముందు రెండు నెలలు రోజూ రాత్రి నొప్పికి సున్నా నుంచి పది మధ్య ఒక అంకె వేసుకుని, పక్కనే ముట్టు రోజులు గుర్తుపెట్టాలి. అంకెలు నెలసరికి ముందు కొండలా లేచి తర్వాత పడిపోతుంటే ఈస్ట్రోజన్ దారిలో పనిచేసే మందుకు అర్థముంది. నెలంతా ఒకేలా, ఒక పక్కే, వేలితో నొక్కితే పక్కటెముక కీలు దగ్గరే నొప్పి ఉంటే అది ఎముకదో, కండరానిదో. నీళ్ల బిందెలు మోసేవారిలో, మెషీన్ కుట్టేవారిలో ఇలాంటిది కనిపిస్తుంది. అక్కడ ఆర్మెలాక్సిఫీన్ ఎంత వాడినా ఉపయోగం ఉండదు.

ఢిల్లీ ఎయిమ్స్ నుంచి 2007లో వచ్చిన అధ్యయనంలో 30 మి.గ్రా. రోజు విడిచి రోజు మూడు నెలలు ఇచ్చారు. రొమ్ము నొప్పిలో మంచి ఫలితం వచ్చింది. ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని రొమ్ము గడ్డల్లో మాత్రం కొన్ని కరిగాయి, కొన్ని చిన్నవయ్యాయి, కొన్ని కదల్లేదు. తర్వాత వారానికి రెండు చొప్పున ఇచ్చే పద్ధతీ వాడుకలోకి వచ్చింది. ఈ విభాగంలో ఉన్న అధ్యయనాలు చిన్నవి. అందుకని నొప్పికి ఈ మందును ధైర్యంగా రాయవచ్చు గానీ, గడ్డ కరుగుతుందని మాట ఇవ్వడం తగదు.

గడ్డ ఉంటే చేతి పరీక్ష, స్కానింగ్ (40 దాటితే మామోగ్రామ్ కూడా), అవసరమైతే సూదితో ముక్క పరీక్ష, ఈ మూడూ ఒకే మాట చెప్పాకే మందు. 15 నుంచి 30 ఏళ్ల మధ్య చేతికి జారిపోతూ కదిలే నున్నటి గడ్డ ఎక్కువగా ఫైబ్రోఅడినోమానే. మందు వాడినా వాడకపోయినా ఆరు నెలలకోసారి స్కానింగ్‌లో కొలత చూడాలి. 3 సెం.మీ. దాటినా, త్వరగా పెరుగుతున్నా తీయించడమే మంచిది. చర్మం కమలా తొక్కలా గుంటలు పడటం, చనుమొన లోపలికి లాక్కుపోవడం, అక్కడి నుంచి రక్తం, చంకలో గడ్డ, వీటిలో ఏది ఉన్నా మాత్రలతో మూడు నెలలు గడపకూడదు. కేజీహెచ్ సర్జరీ విభాగానికో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో నేరుగా వెళ్లాలి.

పెళ్లికాని అమ్మాయికి ఈ మాత్ర రాస్తే తల్లులు అడిగేది ఒకటే: ‘రేపు పిల్లలు పుడతారా?’ పుడతారు. ప్రభావం తాత్కాలికం, ఆపాక కొన్ని నెలల్లో మామూలవుతుంది. వాడుతున్నంతకాలం గర్భం కోసం ప్రయత్నించకూడదు, అంతవరకే.

మిగతా దారులతో పోలిక

రొమ్ము నొప్పికి పాత మందు డానజోల్. పనిచేస్తుంది, కానీ అది మగ హార్మోన్ తరహా మందు. మొటిమలు, బరువు, పై పెదవి మీద వెంట్రుకలు రావచ్చు. గొంతు బొంగురుపోతే అది మళ్లీ మామూలు కాకపోవచ్చు. టామాక్సిఫెన్ 10 మి.గ్రా. కూడా నొప్పిని తగ్గిస్తుంది, వేడి ఆవిర్లు, గర్భసంచి పొర సంగతి చూసుకోవాలి. వీటి పక్కన ఆర్మెలాక్సిఫీన్ తేలిక.

రక్తస్రావం విషయంలో నోటి మాత్రలన్నిటికంటే బలమైనది గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్. అందులో 52 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉంటుంది, కనీసం ఐదేళ్లు పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుందని ముందే చెప్పకపోతే చాలామంది తీయించేస్తారు. నోరెథిస్టిరాన్ అనే హార్మోన్ మాత్ర రక్తాన్ని త్వరగా ఆపుతుంది, రోజుకు రెండు మూడుసార్లు మింగాలి, ఆపితే రక్తం మళ్లీ వస్తుంది. ధర, అందుబాటు, గుర్తుపెట్టుకునే తేలిక కలిపి చూస్తే, బీపీ వల్లనో పొగాకు వల్లనో ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడలేని నలభై దాటిన స్త్రీకి వారం మాత్రకు గట్టి వాదన ఉంది.

ఆ వాదన ఆంధ్రలో ఇంకా గట్టిది. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోనే అత్యధికం. దేశవ్యాప్తంగా ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగానికి పైగా చెప్పిన కారణం అధిక రక్తస్రావమే. క్యాన్సర్, పెద్ద ఫైబ్రాయిడ్లు, మందులకు లొంగని రక్తస్రావం ఉన్నప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణం నిలిపే చికిత్స. కానీ ముప్పై అయిదేళ్లకు, ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇక సంచి ఎందుకు’ అనే మాట మీద తీయించుకుంటే, అండాశయాలు కూడా తీసేస్తే రాత్రికి రాత్రే ముట్లు ఆగిన వయసు వచ్చేస్తుంది. ఎముకలు ముందే బలహీనపడతాయి. అండాశయాలు ఉంచినా అవి కొంత ముందుగానే అలసిపోతాయి. అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను కేంద్రం 2022లో ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ‘మందులు వాడి చూశారా?’ అన్న ప్రశ్నకు చీటీ మీద తేదీలతో జవాబు ఉండాలి. వారం మాత్ర సరిగ్గా 24 వారాలు పడిందా, మూడో వారానికే డబ్బాలోకి వెళ్లిందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

24 వారాల తర్వాత

మందు ముగిసిన వెంటనే మళ్లీ ప్యాడ్ల లెక్క మొదలుపెట్టాలి. మొదటి ఒకటి రెండు నెలసరులు ఒంట్లో మిగిలిన మందు ప్రభావంలోనే వస్తాయి కాబట్టి అవి తేలికగా ఉండటం మీద నిర్ణయం తీసుకోకూడదు. మూడో, నాలుగో నెలసరి మార్కులే అసలు ఫలితం. అంకె 100 లోపే ఉంటే, హిమోగ్లోబిన్ 12 దాటితే, ఐరన్ కోర్సు పూర్తిచేసి ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. మళ్లీ 150 దాటిందంటే పాత స్ట్రిప్పు పేరు చెప్పి కౌంటర్‌లో కొనకుండా మొదటి మెట్టు నుంచి రావాలి. అంటే కొత్త స్కానింగ్, 40 దాటితే బయాప్సీ. వెళ్లేటప్పుడు సంచిలో పెట్టుకోవాల్సినవి నాలుగు: పాత చీటీలు, పాత స్కానింగ్ ఫిల్ము, మార్కులు రాసుకున్న కాగితం, మాత్రల రోజులు గీసిన ఆ క్యాలెండర్ పేజీలు.